బోరుబావి నేర్పు పాఠము

యంత్రము ఎట్లు పనిచేయునో చెప్పినంతమాత్రమున విజ్ఞానపాఠము ముగియదు. దానివలన ఎవరు బాగుపడిరి, ఎవరు నష్టపడిరి, నేలకును నీటికిని ఏమి సంభవించెను అను ప్రశ్నలును అందులోనివే. ఉన్నత తరగతుల పిల్లలకు వీనిని బోధించుటకు దూరదేశపు ఉదాహరణము లక్కరలేదు. మన పొలములోని బోరుబావియే చాలును.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఏడాది పొడవునా పారు నది లేదు. ఉత్తర పినాకిని, చిత్రావతి ఇచటి కొండలలోనే పుట్టినను వానలు వెనుకబడగనే ఎండిపోవును. కావున మన పూర్వులు చెరువులను గొలుసుకట్టుగా నిర్మించిరి. పై చెరువు నిండి మరవ పారినచో క్రింది చెరువు నిండును. తూము తెరచి నీరు పంచుటకు నీరుగంటి యుండెడివాడు. బావులలో ఎద్దులు కపిలతో తోడగలిగినంతయే వాడుక.

పిదప విద్యుత్ పంపుసెట్టును, రాతిని తొలుచు రిగ్గును వచ్చెను. వాని మేలు సామాన్యము కాదు. శిడ్లఘట్ట సంతకు వచ్చు పట్టుగూళ్ళకు వలయు మల్బరీయు, చింతామణి టమోటాయు, చిక్కబళ్ళాపురపు ద్రాక్షయు ఈ నీటితోనే పండుచున్నవి. మీలో ఎందరో పిల్లలను చదివించుచున్నది ఈ పంటల సొమ్ముతోనే.

కీడును అట్లే చెప్పవలెను. ఏటా నేలలో ఇంకు నీటికంటె తోడు నీరు అధికమైనది. బోర్లు వేయి అడుగులు దాటినవి. ఒకరు లోతుగా త్రవ్వించినచో ప్రక్కవాని బావి ఎండును. మరల త్రవ్వించుటకు శక్తిలేనివాడు అప్పులపాలగును. నల్లరాతి పొరలలో చిరకాలము నిలిచిన నీటిలో ఫ్లోరైడు చేరును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించినచో పిల్లల దంతములు మచ్చలుపడును. అంతకు మిక్కిలి హెచ్చైన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలును చెడును. కాచినందువలన ఫ్లోరైడు పోదని తల్లులు గమనింపవలెను. శుద్ధనీటి యంత్రము దానిని తీసివేయును గాని, కొంత నీటిని వ్యర్థముగా విడుచును. ఒక యంత్రము తెచ్చిన చిక్కునకు మరియొక యంత్రము మందైనపుడు, ఆ మందునకును వెల కలదు.

భూగర్భజలమును క్రమబద్ధము చేయుటకు 2011లో రాష్ట్రశాసనము వచ్చినది. బెంగళూరు హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని రెండు దశలలో శుద్ధిచేసి మన జిల్లా చెరువులకు పంపు పథకమును అమలులోనికి వచ్చినది. బావులలో ఊట పెరుగునని కొందరు సంతోషించుచుండగా, మూడవ దశ శుద్ధియు వలయునని మరికొందరు కోరుచున్నారు. ఇరువాదములను విని, నీటిపరీక్ష ఫలితములను చూచి తీర్పు చెప్పుట పిల్లలు నేర్వవలెను.

పోషకులకు మా విన్నపము ఇది. మీ పిల్లలు మీ బావుల లోతును, త్రవ్వించిన సంవత్సరమును, వ్యయమును అడిగి వ్రాసికొందురు. నీరు పడిన బావులతోబాటు ఎండిన బావులనుగూర్చియు దాచక చెప్పుడు. తాతలు చెరువు నిండిన సంవత్సరములను జ్ఞాపకము చేసికొని చెప్పవలెను. ఆ లెక్కలను ఊరివారీగా పటము గీయించి తరగతిలో వ్రేలాడదీయుదుము. రేపు ఆ పొలములను సాగుచేయు పిల్లలు రిగ్గును పిలుచుటకు పూర్వము ఆ పటమును తలంచుకొన్నచో మా బోధన ఫలించినట్లే.