రాత్రికి బండి ఎక్కడ పెట్టాలి?

నాందేడ్ వైపు నుంచి లోడుతో వచ్చే లారీ నిజాంపేట కూడలి చేరేసరికి రాత్రి పది దాటిందంటే డ్రైవర్‌కు దిగులు మొదలవుతుంది. తిన్నగా పోతే జోగిపేట, సంగారెడ్డి, హైదరాబాద్. పక్కకు తిరిగితే నారాయణఖేడ్, అది దాటితే బీదర్. ఏ దారి పట్టినా, తెల్లవారేదాకా బండి ఎక్కడ పెట్టాలన్నదే ఆ వేళకు అసలు సమస్య. దాబా ముందున్న జాగా ఎనిమిది, తొమ్మిదికే నిండిపోతుంది. ఊళ్లో పెడితే పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి తలుపు బాదుతారు. ఇక మిగిలేది రోడ్డు అంచు.

ఆ అంచు ఎంత ప్రమాదమో తెలియాలంటే కొలతలు చూస్తే చాలు. మన చట్టం ప్రకారం లారీ వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండొచ్చు. చాలా నాలుగు వరుసల రోడ్ల మీద తెల్లగీతకు బయట ఉండే తారు అంచు మీటరున్నర. టైర్లు మట్టిలోకి దింపకుండా బండి ఆపితే మీటరుకు పైగా రోడ్డు మీదికి పొడుచుకొస్తుంది. దింపుదామంటే నారాయణఖేడ్ చుట్టుపక్కల చాలాచోట్ల ఉన్నది నల్లరేగడి. రెండు వానలు పడ్డాక ఆ మట్టి పది టైర్ల లారీని, అంటే లోడుతో కలిపి దాదాపు 28 టన్నుల బరువును, మోయదు. ఇరుసు దాకా దిగబడిన బండిని బయటికి లాగడానికి క్రేన్ పిలవాలి. ఆ ఖర్చుతో ఆ ట్రిప్పు కిరాయిలో మిగిలేదంతా పోతుంది. అందుకే తెలిసిన డ్రైవర్లు వానాకాలం మట్టిని నమ్మరు. తారు మీదే ఆపి, వెనక నాలుగు రాళ్లు పెట్టి, ఇండికేటర్లు వేసి పడుకుంటారు. బ్యాటరీ అయిపోతుందన్న భయంతో కొందరు ఆ లైట్లు కూడా ఆర్పేస్తారు.

వెనక నుంచి వచ్చేవాళ్లకు ఆ బండి కనబడేసరికి ఆలస్యమైపోతుంది. 2024 ఏప్రిల్ 25 తెల్లవారుజామున కోదాడ దగ్గర హైదరాబాద్-విజయవాడ రహదారి మీద ఆగి ఉన్న లారీని కారు ఢీకొని ఒకే కుటుంబానికి చెందిన ఆరుగురు చనిపోయారు. 2025 నవంబర్ 2న రాజస్థాన్‌లోని ఫలోదీ జిల్లాలో ఆగి ఉన్న ట్రైలర్‌ను టెంపో ట్రావెలర్ ఢీకొని 15 మంది ప్రాణాలు పోయాయి. ఆ దుర్ఘటనను సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుని, రహదారుల వెంట దాబాల సంగతేమిటో నివేదిక ఇమ్మని జాతీయ రహదారుల సంస్థను అడిగింది. ఇలాంటివి ఎక్కడో ఒకటి అరా జరిగేవి కావు. కేంద్ర రవాణా శాఖ ఏటా వేసే ప్రమాదాల నివేదికలో, ఆగి ఉన్న వాహనాన్ని గుద్దిన ప్రమాదాలకు విడిగా ఒక వరసే ఉంది.

ఇలాంటి ప్రతి వార్త కింద నిర్లక్ష్యంగా ఆపిన లారీ అన్న మాట కనిపిస్తుంది. కొన్నిసార్లు అది నిజమే. కానీ ఆ డ్రైవర్‌ను అక్కడిదాకా తోసుకొచ్చినవేమిటో కూడా చూడాలి.

2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవర్ పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదంది. ఐదు గంటల పనికి అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ ఆ పనిగంటలనే రవాణా వాహనం నడిపేవాళ్లందరికీ వర్తింపజేసింది. సరుకుతో వెళ్లే ఈ-వే బిల్లు లెక్క వేరు. 2021 జనవరి నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. అంతకుముందు వంద కిలోమీటర్లకే ఒక రోజు ఇచ్చేవారు. లోడు కోసం మిల్లు దగ్గర సగం రోజు పడిగాపులు పడ్డ డ్రైవర్, ఆ పోయిన సమయాన్ని నిద్రలోంచే తీసుకుంటాడు. వీటికి తోడు నగరం పెట్టే గడువు. హైదరాబాద్‌లోకి పగటిపూట భారీ లారీలకు ప్రవేశం లేదు, రాత్రి కోసం ఊరి బయట కాచుకోవాలి. మొత్తం మీద, ఒక్కోసారి అందరూ పడుకునే వేళ డ్రైవర్ నడుపుతాడు, అందరూ తిరిగే వేళ పడుకునే చోటు వెతుక్కుంటాడు. రోడ్డు భద్రత కోసం పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ పది నగరాల్లో చేసి 2020లో విడుదల చేసిన సర్వేలో డ్రైవర్లు రోజుకు సుమారు 12 గంటలు బండి నడుపుతున్నట్టు తేలింది. అలసటగా ఉన్నా, నిద్ర వస్తున్నా నడుపుతూనే ఉంటామని దాదాపు సగం మంది ఒప్పుకున్నారు.

నారాయణఖేడ్ ఈ బెడదను దగ్గరగా చూస్తున్న పట్టణం. సంగారెడ్డి-నాందేడ్-అకోలా 161వ నంబర్ జాతీయ రహదారి ఊరికి కొంచెం ఎడంగా పోతుంది. నిజాంపేట నుంచి ఖేడ్ మీదుగా బీదర్ వెళ్లే దారికి 161బి అని జాతీయ రహదారి హోదా వచ్చింది. 161లో కంది నుంచి రాంసాన్‌పల్లి దాకా 40 కిలోమీటర్ల నాలుగు వరుసల రోడ్డును 2024 మార్చి 5న సంగారెడ్డిలో ప్రధాని ప్రారంభించారు. ఇండోర్-హైదరాబాద్ ఆర్థిక కారిడార్‌లో అదొక ముక్క. దాని వల్ల హైదరాబాద్-నాందేడ్ ప్రయాణం దాదాపు మూడు గంటలు తగ్గుతుందని ప్రభుత్వం చెప్పింది. రోడ్డు బాగుపడితే లారీలు పెరుగుతాయి. పత్తి, కంది, సోయా చేతికొచ్చే నెలల్లో స్థానిక లోడ్లూ తోడవుతాయి. బండ్లు పరుగెత్తడానికి కోట్లు పెట్టారు. అవి రాత్రికి ఆగే సంగతి మాత్రం బంకుల వాళ్లకూ దాబాల వాళ్లకూ వదిలేశారు.

వాళ్లు ఆ పనిని తమకు తోచిన తీరులో చేస్తున్నారు కూడా. దాబాలో భోజనం చేస్తే జాగా ఉచితం, ఇది రాయని ఒప్పందం. బంకులో డీజిల్ పోయించుకున్న బండికి ఓ మూలన చోటు దొరుకుతుంది, బాత్రూమ్ దొరుకుతుంది, కెమెరా కింద ఉన్నామన్న ధైర్యం దొరుకుతుంది. ఎండాకాలం రాత్రి క్యాబిన్ కుంపటిలా ఉంటుంది కాబట్టి డ్రైవర్ దాబా నులకమంచం మీదికి చేరతాడు, క్లీనర్ లోడు మీద పట్టా పైన పడుకుంటాడు. కొందరు బండి కిందే చాప పరుస్తారు. పక్క బండి వెనక్కి తీస్తే ప్రాణం మీదికొచ్చే పని అది. 2025 అక్టోబర్ 1 తర్వాత తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, మంచిదే. అప్పటికే రోడ్ల మీదున్న లక్షల పాత బండ్లకు అది వర్తించదు.

చోటు దొరికినంత మాత్రాన నిద్ర పట్టదు. డీజిల్ ట్యాంకు మూత రోడ్డు వైపు లేకుండా గోడ వైపు ఉండేలా పెట్టుకోవాలి. రాత్రి గొట్టం వేసి డీజిల్ లాగేసేవాళ్లుంటారు. స్టెప్నీ, బ్యాటరీ, పట్టా, తాళ్లు ఏవీ వదలరు. లోడు తగ్గితే సేఠ్ అడిగేది డ్రైవర్‌నే. పొద్దున బయటికి తీయడానికి ముఖం రోడ్డు వైపు ఉండాలి, రెండు వైపులా ఇతర బండ్లు బిగించి పెట్టకూడదు. ఇంత చూసుకుని కళ్లు మూస్తే నాలుగైదు గంటలు నిద్ర. ఆ నిద్ర మీదే మర్నాడు అతను మన ఆర్టీసీ బస్సుల పక్కన, స్కూలు ఆటోల పక్కన బండి నడపాలి.

అమెరికాలో ఇదే కొరత ఒక చట్టానికి కారణమైంది. 2009 మార్చిలో పాల లోడుతో వెళ్తున్న జేసన్ రివెన్‌బర్గ్ అనే లారీ డ్రైవర్ గమ్యానికి ముందే చేరుకుని, సరుకు దించే వేళ కాకపోవడంతో దక్షిణ కరోలినాలో మూతపడ్డ ఓ పెట్రోల్ బంకులో బండి ఆపుకున్నాడు. అతన్ని కాల్చి చంపిన దొంగకు దొరికింది 7 డాలర్లు. భార్య హోప్ పట్టువదలకుండా పోరాడింది. 2012లో రహదారుల చట్టంలో చేరిన జేసన్స్ లా, లారీల పార్కింగ్ స్థలాలకు కేంద్ర నిధులు వాడుకునే వీలు కల్పించింది, ఏ రాష్ట్రంలో ఎంత కొరత ఉందో సర్వే చేయమంది.

మన దగ్గరా కొంత కదలిక ఉంది. జాతీయ రహదారుల వెంట డ్రైవర్ల కోసం వెయ్యి విశ్రాంతి భవనాలు కడతామని 2024 ఫిబ్రవరిలో ప్రధాని ప్రకటించారు. చమురు సంస్థలు బంకుల్లో నడిపే ‘అప్నా ఘర్’ కేంద్రాలు 2025 జులై నాటికి దేశమంతటా 368, వాటిలో పడకలు 4,611. మంచం, స్నానానికి తొట్టి, సొంతంగా వండుకునే చోటు, మంచినీళ్లు ఉంటాయి. ఇంత పెద్ద దేశానికి ఇది ఆరంభం మాత్రమే. హైదరాబాద్ చుట్టూ హెచ్‌ఎండీఏ పరిధిలో వచ్చిన రెండు లాజిస్టిక్ పార్కుల్లో బాటసింగారం 40 ఎకరాలది, 500 లారీలు నిలిపే వీలుంది. మంగళ్‌పల్లిది 22 ఎకరాలు. రెండూ విజయవాడ, నాగార్జునసాగర్ దారుల వైపు ఉన్నాయి. నాందేడ్, బీదర్ వైపు నుంచి వచ్చే బండికి అవి నగరానికి అవతలి ఒడ్డు.

ఖేడ్‌కు అంత పెద్ద పార్కు అక్కర్లేదు. మొరం వేసి గట్టి చేసిన రెండు మూడు ఎకరాలు, నాలుగు స్తంభాల లైట్లు, బోరు, మరుగుదొడ్లు, రాత్రి ఒక కాపలాదారు, బండికి నామమాత్రపు రుసుము, ఇవి ఉంటే పని జరుగుతుంది. పంటల సీజన్ అయ్యాక ఖాళీగా ఉండే మార్కెట్ యార్డులను రాత్రి హాల్ట్‌కు తెరిచినా సగం భారం తీరుతుంది. దీనికి కొత్త చట్టమేమీ రావక్కర్లేదు. పార్కింగ్ చోట్లనూ హాల్టింగ్ స్టేషన్లనూ నిర్ణయించే అధికారం మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ కింద ఎప్పటి నుంచో ఉంది. రోడ్డుకు అడ్డంగా బండి పెట్టినందుకు భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా వేసే ముందు, ఆ డ్రైవర్‌కు ఫలానా చోట పెట్టుకో అని చూపించడానికి ఒక చోటు ఉండాలి. అది బీదర్ దారి మీద రద్దీ ఇంకా పెరగకముందే, ఎకరం ధర అందనంత ఎత్తుకు పోకముందే, మున్సిపాలిటీ, మార్కెట్ కమిటీ, రహదారుల అధికారులు ఒక్కచోట కూర్చుని తేల్చవలసిన పని.