గుడారం గుట్టుమట్లు

మొగల్ పాదుషా ప్రయాణమైతే గుడారాలు రెండు జతలు కదిలేవి. ఈ రాత్రి ఒకదాంట్లో పడుకుంటే, రెండోది ముందు మజిలీలో అప్పటికే సిద్ధమయ్యేది. దాన్ని పేష్‌ఖానా అనేవారు. ఔరంగజేబు దండుతో కాశ్మీరు వెళ్లిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ దాన్ని మోయడానికి ఏమేం కావాలో లెక్క రాశాడు: 60కి పైగా ఏనుగులు, 200 ఒంటెలు, 100 కంచరగాడిదలు, 100 మంది కూలీలు!

ఆ వైభవంలో మన బందరుకూ వాటా ఉంది. ఢిల్లీ కోటలో ఒక ఉత్సవానికి వేసిన ఎర్రటి డేరా లోపలివైపంతా మచిలీపట్నం పూల అద్దకపు గుడ్డేననీ, నిజం పూలతోట మధ్య ఉన్నట్టే అనిపించిందనీ ఆయనే రాశాడు.

అక్బరు విడిదిలో ఏ డేరా ఎటువైపో ముందే ఖాయం. ఇద్దరు పట్టే చిన్న టెంటుకూ ఈ పద్ధతే శ్రీరామరక్ష. టార్చి, నీళ్లసీసా, కళ్లద్దాలు రోజూ తల పక్కన ఒకే చోట ఉంటే చీకట్లో తడుముకోనక్కర్లేదు.

లంబసింగిలో డిసెంబరు రాత్రి గడిపినవాళ్లకు తెలుసు, నేల చలి ఎంత గట్టిదో. స్లీపింగ్ బ్యాగులో వెచ్చదనమంతా దాని నింపుడులో చిక్కుకున్న గాలిదే. మనం పడుకోగానే ఒంటి బరువుకు కిందిభాగం నలిగి ఆ గాలి పోతుంది. అందుకే ఇంకో దుప్పటి దొరికితే ముందు కింద పరవండి. గాలి నింపే పరుపు మెత్తగానే ఉంటుంది కానీ, లోపల ఏ నింపుడూ లేకపోతే ఆ గాలే అటూఇటూ తిరుగుతూ ఒంటి వేడిని నేలకు చేరవేస్తుంది. దానిమీద ఫోమ్ చాప ఒకటి పడాల్సిందే. పరుపు కొనేటప్పుడు 'ఆర్-వాల్యూ' అంకె చూడండి; అది ఎంత పెద్దదైతే నేల చలిని అంత బాగా ఆపుతుంది.

తెల్లారేసరికి లోపల నీటిచుక్కలు కనిపిస్తే టెంటు కారిందనుకుంటాం. చాలాసార్లు అది మన ఊపిరిలోని తేమే, చల్లటి గుడ్డకు తగిలి నీరవుతుంది. చలికి జడిసి అన్నీ మూసేస్తే తడి ఇంకా పెరుగుతుంది. పైన గాలి ఆడే సందులు తెరిచే ఉంచాలి.

బొగ్గుల కుంపటి మాత్రం లోపలికి తేవద్దు, నిప్పు ఆరినట్టు కనిపించినా సరే. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అరబ్బు ఎడారుల్లోని బెదూయిన్లు మేకవెంట్రుకలతో గుడారం నేస్తారు. ఎండలో నేత సందుల్లోంచి గాలి ఆడుతుంది, వానకు దారాలు ఉబ్బి ఆ సందులు మూసుకుపోతాయి. మధ్యలో నేతతెర కడితే ఇటు అతిథులకు, అటు ఆడవాళ్లకు, వంటకు.

మన టెంటు కింద పరిచే పట్టా అంచులు బయటికి రానివ్వకండి. వాననీరు వాటిమీద పడి నేరుగా పక్క కిందికే చేరుతుంది. లోపలికి మడిచేయండి.