మీకు తెలుసా? బండ కింద చెమ్మ
ఆదిలాబాద్ ప్రాంతపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది, పట్టిన నీటిని ఓ పట్టాన వదలదు. ఆ మట్టినే పునాది గోడల మధ్య నింపితే తేమ సన్నటి రంధ్రాల గుండా పైకెక్కి కాంక్రీటులోకి చేరుతుంది. కరీంనగర్ టాన్ బ్రౌన్ లాంటి ముదురు గ్రానైటు మీద ఆ తేమ మరక త్వరగా బయటపడదు. షాబాద్ బండల సందుల్లో మాత్రం తెల్లటి ఉప్పు తేలుతుంది. చెక్క ఫ్లోరింగ్ అయితే ఉబ్బి లేస్తుంది.

అందుకే నల్లమట్టి తీసేసి, మొరం పోసి, దిమ్మిసతో గట్టిపరచాలి. దానిపై 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు, ఆపైన కాంక్రీటు. షీటుకు చిరుగు పడితే ఆ ఖర్చు దండగే.

కాంక్రీటుకు 28 రోజుల్లో బలం వస్తుంది, ఆరడానికి నెలలు పడుతుంది. గృహప్రవేశ ముహూర్తం ఈ తేడాను పట్టించుకోదు! నేల ఆరిందో లేదో చూసే పరీక్ష సులువే: 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ ముక్కను నేలపై పరిచి, అంచులన్నీ టేపుతో మూసి, కనీసం 16 గంటలు వదిలేయాలి. అడుగున నీటిబొట్లు కనిపించినా, కాంక్రీటు రంగు ముదిరినా బండలు వేయడం ఆపాలి. వేసవిలో పొడిగా తేలిన నేలనైనా వానలు పడ్డాక మరోసారి చూడడం మేలు.