ఇస్నోఫిలియా వెనుక ఫైలేరియా పురుగు

మానుకోట నుంచి భూపాలపల్లి దాకా రక్తపరీక్ష కాగితం చేతికి రాగానే తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఇస్నోఫిలియా ఉందట." తుమ్ములొచ్చినా, ఆయాసమొచ్చినా అదే పేరు. నిజానికి అది జబ్బు కాదు. ఈసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు ఉండాల్సినదానికన్నా పెరిగాయని చెప్పే లెక్క మాత్రమే. ఎందుకు పెరిగాయన్నది వేరే తేల్చుకోవాలి. ఆ ఆరాలో ఒక పెద్ద మలుపు తెలుగు నేల మీదే వచ్చింది.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం 1915లో శానటోరియం మొదలైంది. దాన్ని నడిపిన డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్, బార్టన్ అనే సహచరుడితో కలిసి 1940లో ఒక వింత సంగతి ప్రచురించారు. కొందరి ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా మచ్చలు; చూస్తే క్షయే అనిపిస్తుంది. కానీ అది క్షయ కాదు, రక్తంలో ఈసినోఫిల్స్ విపరీతంగా ఉన్నాయి. క్షయ పేరు వింటేనే ఇంటిల్లిపాదీ వణికే ఆ రోజుల్లో ఈ తేడా పట్టుకోవడం చిన్న విషయం కాదు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దీనికి ట్రాపికల్ ఈసినోఫిలియా అని పేరు పెట్టారు.

కారణం బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగే. క్యూలెక్స్ దోమ కాటుతో ఒంట్లో చేరి, పెద్దదై, పిల్లపురుగుల్ని రక్తంలోకి వదులుతుంది. మామూలుగా అవి రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి. ఆరోగ్య సిబ్బంది రాత్రివేళ ఊళ్లకొచ్చి రక్తం తీసుకునేది అందుకే. కొందరిలో మాత్రం శరీర రక్షణ వ్యవస్థ అతిగా విరుచుకుపడుతుంది. పిల్లపురుగులు ఊపిరితిత్తుల సన్నని నాళాల్లో చిక్కగానే యాంటీబాడీలు వాటిని చుట్టుముడతాయి. ఇంటర్‌ల్యూకిన్-5 అనే రసాయనం ఎముక మజ్జకు కబురు చేరుస్తుంది. అక్కడ ఈసినోఫిల్స్ గబగబా తయారై, నెత్తుటి వెంట వచ్చి, నాళం గోడకు అంటుకుని, దాని సందుల్లోంచి దూరి ఊపిరితిత్తిలోకి చేరతాయి.

రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే ఒక్కో కణంలో రెండు తమ్మెల కేంద్రకం, చుట్టూ నారింజ ఎరుపు రేణువులు కిక్కిరిసి కనిపిస్తాయి. ఆ రేణువుల్లో ఉన్నవి విషంలాంటి ప్రొటీన్లు. పురుగు మీద వదిలిన ఆ విషమే పక్కనున్న మన కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. రాత్రిళ్లు తెరలు తెరలుగా దగ్గు, పిల్లికూతలు, సన్న జ్వరం, బరువు తగ్గడం దాని ఫలితమే. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో 500 లోపు ఉండే ఈ కణాలు ఈ జబ్బులో 3,000 దాటుతాయి. రక్తంలో వెతికితే పురుగు మాత్రం దొరకదు.

1960లో వెల్లూరు వైద్యులు వెబ్, జాబ్, గాల్ట్ రోగుల ఊపిరితిత్తుల ముక్కల్లోనే పిల్లపురుగుల్ని చూపించారు. మందు అప్పటికే ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథిగా ఉన్నప్పుడు, 1947లో, అక్కడి బృందం వెలుగులోకి తెచ్చిన డీఈసీ అది. హెట్రజాన్ పేరుతో మన ఇళ్లకు వచ్చింది.

ఆ మందు పడితే చేరిన కణాలన్నీ ఏమవుతాయి? 1980లలో మద్రాసు క్షయ పరిశోధన కేంద్రంలోని వైద్యులు, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి రోగుల ఊపిరితిత్తుల్లోకి సన్నని గొట్టంతో సెలైన్ పంపి, వెనక్కి తీసి, అందులోని కణాలు లెక్కపెట్టారు. సగం దాకా ఈసినోఫిల్సే! డీఈసీ మొదలుపెట్టాక రెండు వారాల్లోనే ఆ సంఖ్య బాగా పడిపోయింది. పురుగు చస్తే కబురు ఆగుతుంది, కొత్త కణాల రాక తగ్గుతుంది. ఉన్నవి తమంతట తాము ముడుచుకుని చనిపోతాయి. మాక్రోఫేజ్ అనే పెద్ద కణాలు వాటిని పగిలిపోకముందే మింగేస్తాయి. అలా మింగకపోతే లోపలి విషం ఒలికి వాపు మళ్లీ రాజుకుంటుంది. మందు వాడినా కొందరిలో ఎంతోకొంత వాపు మిగిలే ఉంటుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి.

ఈసినోఫిల్స్ అలర్జీతోనూ, పేగుల్లోని పురుగులతోనూ పెరుగుతాయి. కాబట్టి కాగితం చూసి సొంతంగా మాత్రలు కొనుక్కోవద్దు. ఆస్తమా మందులు వాడుతున్నా రాత్రి దగ్గు వారాలకొద్దీ వదలకపోతే, తెమడ పరీక్షతోపాటు ఫైలేరియా సంగతి కూడా చూడమని డాక్టరును అడగండి. డీఈసీ రాసిస్తే, సాధారణంగా మూడు వారాలుండే ఆ కోర్సును దగ్గు తగ్గిందని మధ్యలో ఆపకండి.