ఆ ఇటలీ బండి 500 మాత్రమే ఎందుకు?

హైదరాబాదులో సైబర్ టవర్స్ సిగ్నల్ దగ్గర ఒక ఎర్ర డుకాటీ ఆగిందంటే చుట్టుపక్కల హెల్మెట్లన్నీ అటే తిరుగుతాయి. బండికి అంత ధర ఎందుకు? కొన్ని మోడళ్లను లెక్కపెట్టి చేస్తారట, ఎందుకు? రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్క మాటలోనే ఉంది: బరువు.

డుకాటీ 2020లో తెచ్చిన సూపర్‌లెగ్గెరా వి4 సంగతే చూద్దాం. ఆ ఇటాలియన్ మాటకు ‘మిక్కిలి తేలిక’ అని అర్థం. బొలోన్యా నగరంలోని బోర్గో పానిగాలె కర్మాగారంలో 500 బండ్లే చేసి, ఒక్కోదానికీ వరుస నంబరు వేశారు. అప్పటి ధర లక్ష యూరోలు. ఇంజను 998 సీసీ, శక్తి 224 హార్స్‌పవర్. పెట్రోలు, ఆయిలు, కూలెంటు పోయకముందు బరువు 159 కిలోలు. మన వీధుల్లో తిరిగే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 పెట్రోలుతో కలిపి 195 కిలోలు తూగుతుంది. దాని శక్తి 20 హార్స్‌పవర్ చిల్లర.

మరి బరువు ఎక్కడ తగ్గించారు? ఫ్రేము, సీటు కింది సబ్‌ఫ్రేము, స్వింగార్మ్, చక్రాలు అన్నీ కార్బన్ ఫైబర్‌తోనే చేశారు. రోడ్డు మీద నడిపే బండికి ఇవన్నీ కార్బన్‌తో చేయడం చాలా అరుదు. అలా తగ్గిన 6.7 కిలోల్లో సగానికి పైగా, అంటే 3.4 కిలోలు, చక్రాల్లోనే తగ్గాయి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. చిన్నప్పుడు సైకిలు చక్రాన్ని ఇరుసు పట్టుకుని గిర్రున తిప్పి, పక్కకు వంచబోతే చేతులకు ఎదురు తిరిగేది గుర్తుందా? తిరిగే వస్తువు వంగడానికి ఒప్పుకోదు. చక్రం బరువు తగ్గితే ఆ మొండితనం తగ్గి, మలుపులో బండి చెప్పిన మాట వింటుంది. పైగా చక్రాన్ని ముందుకు తోస్తే చాలదు, తిప్పాలి కూడా. అందుకే చక్రంలో తగ్గిన కిలో, సీటు కింద తగ్గిన కిలో కంటే విలువైనది.

తేలికతనం విలువ హైదరాబాదుకు కొత్త కాదు. ఇక్కడి క్షిపణి ప్రయోగశాలలో పుట్టిన తేలికైన కాంపోజిట్ పదార్థంతో, నిమ్స్ వైద్యుల కోరిక మీద, అబ్దుల్ కలాం బృందం పిల్లల కాళ్లకు ఆసరా ఇచ్చే కాలిపర్లు చేసింది. మూడు కిలోల పైచిలుకు ఉండే కాలిపరు మూడు నాలుగు వందల గ్రాములకు దిగింది. నా దృష్టిలో ఏ రేసు బండి కంటే అదే గొప్ప ఇంజనీరింగ్.

కార్బన్ భాగం తయారీ మామిడి తాండ్ర వేసినట్టే ఉంటుంది, పొర మీద పొర. వెదురు ఈనె వెంట బలంగా ఉండి, చీలిస్తే ఇట్టే చీలుతుంది కదా. కార్బన్ పోగుదీ అదే గుణం. అందుకని రెజిన్‌లో తడిపిన గుడ్డను అచ్చులో ఒక పొర నిలువుగా, ఒకటి అడ్డంగా, మరొకటి ఏటవాలుగా పరిచి, వేడి, ఒత్తిడి కలిపి గట్టిపరుస్తారు. ఇందులో ఒక చిక్కుంది. ఇనుము దెబ్బతింటే వంగి కనిపిస్తుంది. కార్బన్ పైకి నున్నగానే ఉండి, లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. అందుకే ఈ బండి భాగాలను వేడి ఛాయాచిత్రాలతో, అల్ట్రాసౌండుతో, సీటీ స్కానుతో పరీక్షించారు. ఆసుపత్రిలో మనకు చేసినట్టే. ఇలాంటి పని లక్షల బండ్లకు సాగదు. అరుదైతే మోజు పెరుగుతుందన్న వ్యాపార లెక్క లేదనను కానీ, 500 అన్న అంకెలో సింహభాగం ఈ చాకిరీదేనని నేను నమ్ముతాను.

ఇక ఆ బండి శబ్దం. నాలుగు సిలిండర్లూ సమాన ఎడంతో మండవు. రెండు దగ్గరదగ్గరగా మండుతాయి, కాస్త ఆగి మిగతా రెండు. అందుకే చెవికి రెండు సిలిండర్ల బండిలా వినిపిస్తుంది. ఇంజనులో మరో విశేషం వాల్వులది. మామూలు ఇంజనులో వాల్వును క్యామ్ తెరిస్తే స్ప్రింగు మూస్తుంది. వేగం మరీ పెరిగితే స్ప్రింగు వెనకబడుతుంది. 1956లో ఇంజనీరు ఫాబియో తల్యోని డుకాటీ రేసు ఇంజనులో మూయడానికీ ఒక క్యామ్ పెట్టాడు. ఆ పద్ధతి ఈ ఇంజనులోనూ ఉంది.

సిగ్నల్ దగ్గర మాత్రం ఈ జాతి బండికి కష్టకాలమే. గాలి తగలదు, వెనక సిలిండర్ల వేడి నేరుగా తొడలకు కొడుతుంది. అందుకే ఈ బండికి మూలమైన పానిగాలె వి4 వేడెక్కి నిలబడినప్పుడు వెనక రెండు సిలిండర్లను ఆపేసే ఏర్పాటు చేశారు.

సూపర్‌లెగ్గెరా రెక్కలు గంటకు 270 కిలోమీటర్ల వేగంలో 50 కిలోల బలంతో బండిని నేలకు అదుముతాయి. ఆ వేగానికి మన ఊళ్లో చోటు లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలనే రానివ్వరు. ఇలాంటి బండి ఉన్నవాళ్లకు నా మనవి ఒక్కటే: వేగం చూడాలనుకుంటే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి ట్రాక్‌కో వెళ్లండి. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద మాత్రం వద్దు, అక్కడ పిల్లలు నడుస్తుంటారు.