సమాజం అప్పగించే పాత్ర, రచయిత సృష్టించే పాత్ర

మన సాహిత్య విమర్శలో ‘పాత్ర’ అంటే కథలోని మనిషి. సమాజశాస్త్రంలో పాత్ర అంటే మనిషి కాదు. ఆ మనిషి ఉన్న స్థానాన్ని బట్టి లోకం అతని నుంచి ఆశించే నడవడిక. ఈ రెండింటి మధ్య తేడా గుర్తించకపోవడం వల్లనే మన కథల్లో చాలామంది భూస్వాములు పుట్టు దుర్మార్గులుగా, కూలీలు పుట్టు సాత్వికులుగా మిగిలిపోతున్నారని నా అభిప్రాయం.

ఈ భావనను 1936లో అమెరికన్ మానవశాస్త్రవేత్త రాల్ఫ్ లింటన్ స్పష్టంగా నిర్వచించారు. సమాజంలో మనిషికున్న స్థానం అంతస్తు. ఆ స్థానంతో వచ్చే హక్కులనూ బాధ్యతలనూ ఆచరణలో పెట్టడం పాత్ర. పుట్టుకతో అంటగట్టేది ఆరోపిత అంతస్తు. చదువుతోనో వృత్తితోనో సంపాదించుకునేది ఆర్జిత అంతస్తు. ఒక్కొక్క అంతస్తుకు ఒక్క పాత్ర కాదు, పాత్రల సముదాయమే ఉంటుందని 1957లో రాబర్ట్ మెర్టన్ వివరించారు. ఉపాధ్యాయుడిగా ఇది నాకు నిత్యానుభవం. పత్తితీత రోజుల్లో బడి మానిన పిల్ల విషయంలో ప్రధానోపాధ్యాయుడు హాజరు అడుగుతాడు. ఆ కూలి డబ్బు లేనిదే ఇల్లు గడవని తల్లి చూసీచూడనట్టు పొమ్మంటుంది. పిల్ల నా నుంచి ఆశించేది వేరు. నా స్వభావం ఎలాంటిదైనా ఈ ఒత్తిళ్లు నా ఉద్యోగంలోనే ఉన్నాయి.

ఈ దృష్టితో గురజాడ ‘కన్యాశుల్కం’ చూడండి. 1892లో ప్రదర్శితమై, 1909లో సమగ్రరూపం పొందిన నాటకం అది. అగ్నిహోత్రావధాన్లు కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టాలనుకోవడం ఒక వ్యక్తి పేరాశ మాత్రమే అయితే అది వట్టి ప్రహసనం. తండ్రి స్థానానికి ఆచారం ఇచ్చిన హక్కుగా చూస్తే అది వ్యవస్థ. తల్లి వెంకమ్మకు ఆ హక్కు లేదు. అందుకే నూతిలో దూకింది. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి పెళ్లికూతురుగా చెల్లించగలిగాడు. ఆ బేరంలో పిల్ల మనసుతో ఎవరికీ పనిలేదు గనుకనే అది సాధ్యమైంది. మధురవాణి మగవేషం వేస్తే తప్ప సౌజన్యారావు పంతులుతో మాట్లాడలేకపోయింది. అదే మనిషి, అదే తెలివి. మారింది అంతస్తు గుర్తు ఒక్కటే.

అయితే రంగస్థలం నుంచి అరువు తెచ్చుకున్న ఈ మాటతో ఒక ప్రమాదముంది. నటుడు ఆట ముగిశాక వేషం విప్పుతాడు. పుట్టుకతో అంటగట్టిన పాత్రను అలా విప్పలేము. లింటన్ గ్రంథం వెలువడిన 1936లోనే అంబేద్కర్ ‘కుల నిర్మూలన’ ప్రచురించారు. కులం పనిని విభజించడంతో ఆగక పనిచేసే మనుషులనే విడదీసి, మెట్లు మెట్లుగా నిలబెట్టిందని వాదించారు. ఎవరి పాత్ర వారు పోషిస్తేనే సమాజం సజావుగా సాగుతుందనే సిద్ధాంతానికి ఇది గట్టి జవాబు. సజావుగా సాగేది ఎవరి కోసం?

కనుక రచయిత మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మనిషికి ఈ పాత్రను ఎవరు అప్పగించారు? దానివల్ల లాభం ఎవరికి? కాదంటే పడే శిక్ష ఏమిటి? అంతమాత్రాన మనిషి బాధ్యత తప్పిపోదు. వేశ్యావృత్తిలో ఉండే మధురవాణి సుబ్బిని కాపాడే పక్షాన నిలిచింది. ఆ ఎంపిక పాత్ర ఇచ్చింది కాదు, ఆమెదే. ఒత్తిడినీ ఎంపికనూ కలిపి చూపినప్పుడే కథలో మనిషి నిలుస్తాడు.