మీకు తెలుసా? ఉద్యోగం పోతే ఇంటి కిస్తీకి దిక్కెవరు

గురజాల చుట్టుపక్కల లోను తీసుకుని ఇల్లు అమర్చుకున్న జీతగాళ్లలో దాచేపల్లి, పిడుగురాళ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో, సున్నం బట్టీల్లో పనిచేస్తూ ఊళ్లో రెండు గదుల స్లాబు వేసుకున్నవాళ్లు ఉన్నారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చూసుకుని అక్కడే ఫ్లాటు కొన్న పిల్లలూ ఉన్నారు. ఎవరి కొలువు ఊడినా ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మాట ఒకటే: "బ్యాంకు కిస్తీకి గవర్నమెంటు ఏమన్నా సాయం చేస్తదా?"

నేరుగా చేయదు. ఉద్యోగం పోయినవారి ఇంటి లోను కిస్తీని ప్రభుత్వమే కట్టే పథకం మన దేశంలో లేదు. అయితే చుట్టుదారిన అందే ఆసరాలు కొన్ని ఉన్నాయి. అవి అడిగినవాళ్లకే అందుతాయి, అదీ సమయానికి అడిగితేనే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ఈఎస్‌ఐ కార్డు ఆస్పత్రి కోసమే అనుకుంటున్నారా? ఉద్యోగం పోతే ఆ కార్డు మీద డబ్బు కూడా వస్తుంది. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన పేరుతో 2018 జూలై 1న మొదలైన పథకం ఇది. మొదట్లో సగటు రోజు కూలిలో 25 శాతం ఇచ్చేవారు. కోవిడ్ కాలంలో దాన్ని 50 శాతానికి పెంచారు. జీవితంలో ఒక్కసారి, గరిష్ఠంగా 90 రోజులకు ఇస్తారు. అప్పటికి రెండేళ్లయినా బీమా ఉన్న ఉద్యోగంలో ఉండాలి, చందా కట్టిన రోజుల లెక్కా సరిపోవాలి. ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు. యాజమాన్యం సంతకం కోసం ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడాల్సిన పని లేకుండా కార్మికుడే నేరుగా పెట్టుకునే వెసులుబాటు కూడా కోవిడ్ కాలంలోనే ఇచ్చారు. తప్పు చేసి తొలగింపుకు గురైనవాళ్లకు, తామే మానేసినవాళ్లకు, రిటైరైనవాళ్లకు ఇది రాదు.

నెలకు 15,000 జీతం ఉన్న కాంట్రాక్టు కార్మికుడినే తీసుకోండి. రోజుకు 500 పడుతుంది, అందులో సగం 250, తొంభై రోజులకు 22,500. అదే మనిషి 8 లక్షల ఇంటి లోను 9 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు తీసుకుని ఉంటే నెల కిస్తీ 7,198 రూపాయలు. మూడు కిస్తీలకు 21,594. అంటే ఆ డబ్బుతో మూడు నెలల కిస్తీలు దాటించవచ్చు. ఆ మూడు నెలలు ఎంత విలువైనవో కాస్త కింద చెబుతాను. ఈ పథకాన్ని కేంద్రం గడువులు పెట్టి పొడిగిస్తూ వస్తోంది కాబట్టి, ప్రస్తుతం ఏ తేదీ దాకా అమల్లో ఉందో ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

ఫ్యాక్టరీయే మూతపడితే, లేదా చట్టప్రకారం కార్మికులను తగ్గిస్తే, ఈఎస్‌ఐలోనే ఇంకా పాత ఏర్పాటు ఒకటుంది. 2005 ఏప్రిల్ 1న వచ్చిన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అది. మొదటి ఏడాది కూలిలో సగం, రెండో ఏడాది పావు వంతు ఇస్తారు. ఈ రెండింటిలో దేనికైనా ఈఎస్‌ఐ పరిధిలో ఉండాలి. అంటే జీతం నెలకు 21,000 దాటకూడదు. ఈ హద్దు వల్ల పాతిక వేలు, ముప్పై వేలు జీతం వచ్చే సూపర్‌వైజర్లు, గుమాస్తాలు ఎటూ కాకుండా మిగిలిపోతున్నారు. ఇంటి లోను ఎక్కువగా తీసుకునేది మాత్రం వాళ్లే. ఇది సరిదిద్దాల్సిన లోపమని గట్టిగా అంటాను.

హైదరాబాద్ పిల్లలకు ఈఎస్‌ఐ ఉండదు, పీఎఫ్ ఉంటుంది. ఉద్యోగం పోతే పీఎఫ్ నిల్వలో 75 శాతం వెంటనే తీసుకోవచ్చు. మిగతా పావు వంతు ఇదివరకు రెండు నెలలకు ఇచ్చేవారు. 2025 అక్టోబరు 13న పీఎఫ్ ట్రస్టీల బోర్డు ఆ వ్యవధిని 12 నెలలు చేయాలని నిర్ణయించింది. ఇంటి లోను తీర్చడానికి ఉద్యోగంలో ఉండగానే పీఎఫ్ నుంచి తీసుకునే వీలు కూడా ఎప్పటి నుంచో ఉంది. కాకపోతే అది ప్రభుత్వం ఇచ్చే డబ్బు కాదు, మన ముసలితనం నుంచి మనమే తెచ్చుకునే అప్పు. ఒకటి రెండు కిస్తీల కోసం మొత్తం ఊడ్చి తీసుకోకండి.

2020లో ఆరు నెలల మారటోరియం గుర్తుందా? మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తీ కట్టకపోయినా పర్వాలేదని రిజర్వు బ్యాంకు చెప్పినప్పుడు చాలామంది దాన్ని మాఫీ అనుకున్నారు. వడ్డీ మాత్రం ఆగలేదు. స్టేట్ బ్యాంకే అప్పట్లో ఒక లెక్క చెప్పింది: 30 లక్షల ఇంటి లోను, ఇంకా 15 ఏళ్లు మిగిలి ఉంటే, మూడు నెలలు కట్టకుండా ఆపినందుకు అదనంగా పడే వడ్డీ సుమారు 2.34 లక్షలు, అంటే 8 కిస్తీలు. తర్వాత విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2 కోట్లలోపు లోన్లకు ఆ ఆరు నెలల చక్రవడ్డీకీ బారువడ్డీకీ ఉన్న తేడాను కేంద్రం భరించింది. మారటోరియం తీసుకోకుండా కిస్తీలు సక్రమంగా కట్టినవాళ్లకూ ఇచ్చింది. 30 లక్షల అప్పు మీద 8 శాతం వడ్డీ చొప్పున లెక్కవేస్తే ఆ తేడా సుమారు 2,018 రూపాయలు. మన దేశంలో ఇంటి లోను తీసుకున్న సామాన్యుడికి కష్టకాలంలో ఖజానా నుంచి నేరుగా ముట్టింది దాదాపు అంతే. వడ్డీ మొత్తం మాఫీ చేయమన్న వినతిని 2021 మార్చి 23న కోర్టు ఒప్పుకోలేదు. మారటోరియం కాలానికి వడ్డీ మీద వడ్డీ మాత్రం ఎవరి దగ్గరా తీసుకోకూడదని తీర్పు ఇచ్చింది.

ఇప్పుడు ఆ మూడు నెలల సంగతి. కిస్తీ బాకీ 90 రోజులు దాటితే బ్యాంకు ఆ లోనును మొండి బాకీల పద్దులో వేస్తుంది. అప్పటినుంచి 2002 నాటి సర్ఫేసీ చట్టం చేతికొస్తుంది, కోర్టుకు వెళ్లకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం వస్తుంది. ముందు 60 రోజుల గడువుతో నోటీసు రావాలి. ఆ నోటీసుకు మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఈ హక్కును చాలామంది వాడుకోరు, నోటీసు చూడగానే బెంబేలెత్తి బీరువాలో దాచేస్తారు. ఆ తర్వాత స్వాధీన ప్రకటన రెండు పత్రికల్లో పడుతుంది, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. తెలుగు దినపత్రికల్లో చిన్న అక్షరాలతో, సరిహద్దులు, సర్వే నంబర్లతో కనిపించే ప్రకటనలు ఇవే. స్వాధీనం మీద అభ్యంతరం ఉంటే 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అది ఆంధ్రలో ఉన్నది విశాఖపట్నంలో. గురజాలలో కోర్టు ఉండగా ఇంటికోసం అంత దూరం పోవాల్సి రావడం చిన్న కష్టం కాదు.

కొడుకు ఫ్లాటుకు తండ్రి పొలం కూడా తనఖా పెట్టారా? నిజంగా సాగులో ఉన్న వ్యవసాయ భూమికి సర్ఫేసీ చట్టం వర్తించదు. అప్పు ఉండదని కాదు. వసూలుకు బ్యాంకు కోర్టు లేదా ట్రిబ్యునల్ దారి పట్టాల్సిందే.

అప్పుల భారాన్ని ప్రభుత్వం తగ్గించడం పల్నాడుకు కొత్త కాదు. గురజాల అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ గుంటూరు జిల్లాలో పల్నాడు తాలూకా కేంద్రం. ఆర్థిక మాంద్యంలో రైతులు మునిగిపోతుంటే రాజాజీ ప్రభుత్వం 1938లో రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దు. అప్పటికే అసలుకు రెండింతలు కట్టిన రైతుకు ఆ అప్పు పూర్తిగా తీరిపోయినట్టే. తర్వాతి అప్పులకు వడ్డీని ఏడాదికి 5 శాతం బారువడ్డీ చొప్పున మళ్లీ లెక్కగట్టారు. తనఖా అప్పులకూ ఇది వర్తించింది. ఎనభై ఏళ్లు దాటిన ఆ చట్టం ముందు 2020 నాటి రెండు వేల రూపాయలు ఎంత చిన్నవో చూడండి.

ఇళ్ల విషయంలో దగ్గరి ఉదాహరణ 2021 నాటిది. ఆ ఏడాది డిసెంబరు 21న తణుకులో మొదలైన జగనన్న సంపూర్ణ గృహ హక్కు పథకం, జనం నోట్లో ఓటీఎస్. 1983 నుంచి 2011 ఆగస్టు 15 దాకా గృహనిర్మాణ సంస్థ దగ్గర అప్పు తీసుకుని ఇల్లు కట్టుకున్నవాళ్లు పల్లెల్లో 10,000, మునిసిపాలిటీల్లో 15,000, కార్పొరేషన్లలో 20,000 కడితే అసలు, వడ్డీ అంతా మాఫీ చేసి ఇంటిని వాళ్ల పేర రిజిస్టర్ చేశారు. అప్పటిదాకా అమ్మే హక్కూ, తాకట్టు పెట్టే హక్కూ లేని ఇళ్లు అవి. ఆ డబ్బు కట్టడమే బరువన్న కుటుంబాలూ ఉన్నాయి, కాగితం చేతికొచ్చాక ఊపిరి పీల్చుకున్న కుటుంబాలూ ఉన్నాయి. అయినా ఇది పాత ప్రభుత్వ అప్పుకే, ఉద్యోగం పోవడంతో సంబంధం లేదు, బ్యాంకు లోనుకు పనికిరాదు.

మనకు లేనిది వేరేచోట ఉందా? ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉక్కు కర్మాగారాలు మూతపడి వేల ఇళ్లు వేలానికి వస్తున్నప్పుడు ఆ రాష్ట్రం 1983లో ఒక చట్టం చేసింది. తమ తప్పు లేకుండా ఉద్యోగం పోయి కిస్తీలు ఆగినవాళ్లకు బకాయి తీర్చి, ఆపై కొన్ని నెలల కిస్తీల్లో కొంత భాగాన్ని రాష్ట్రమే బ్యాంకుకు కడుతుంది. సాధారణంగా 24 నెలల వరకు, నిరుద్యోగం ఎక్కువగా ఉన్న కాలంలో 36 నెలల వరకు. ఇది ఉచితం కాదు, ఇంటి మీదే రెండో తనఖాగా రాసుకుని ఇచ్చే అప్పు. ఉద్యోగం దొరికాక నెలనెలా తీర్చాలి. ఇల్లు వేలానికి పెట్టేముందు ఈ సాయం గురించి చెప్పే నోటీసును బ్యాంకు తప్పనిసరిగా పంపాలి. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ ఏర్పాటే. మన సర్ఫేసీ నోటీసులో ఎంత బాకీ ఉందో ఉంటుంది, ఎక్కడ సాయం దొరుకుతుందో ఉండదు. ఆ ఒక్క పేరా చేర్చడానికి ఖజానాకు పైసా ఖర్చు లేదు.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అక్కడి ప్రభుత్వం ఆదాయాన్ని బట్టి ఇచ్చే భృతి పొందేవారికి ఇంటి లోను వడ్డీ వరకు సాయం చేస్తుంది, 2018 ఏప్రిల్ నుంచి దాన్నీ అప్పుగానే ఇస్తోంది. ఎదురుచూడాల్సిన కాలాన్ని 2023లో తొమ్మిది నెలల నుంచి మూడు నెలలకు తగ్గించారు. ప్రభుత్వ నిధులు తీసుకోరాదన్న షరతుతో వీసా ఉంటే మాత్రం ఇది దక్కదు.

మళ్లీ మన ఊరి బ్యాంకుకు వద్దాం. ఉద్యోగం పోయిన వారంలోనే, ఒక్క కిస్తీ కూడా తప్పకముందే బ్యాంకు మేనేజరుకు ఉత్తరం రాయండి. కొలువు పోయిన తేదీ, రిలీవింగ్ లెటర్ నకలు, ఎన్ని నెలలు వ్యవధి కావాలి, ఆ నెలల్లో కొంతైనా ఎంత కట్టగలరు, ఇవన్నీ అందులో ఉండాలి. రెండో ప్రతి మీద ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి. బ్యాంకు కాలవ్యవధి పెంచుతానంటే ఒప్పుకునే ముందు లెక్క చూసుకోండి. పైన చెప్పిన 8 లక్షల లోనును 20 ఏళ్లకు బదులు 30 ఏళ్లకు చేస్తే కిస్తీ 7,198 నుంచి 6,437కు దిగుతుంది. నెలకు మిగిలేది 761 రూపాయలు, మొత్తం మీద అదనంగా పడే వడ్డీ దాదాపు 5.9 లక్షలు. ఉద్యోగం దొరకగానే వ్యవధిని తగ్గించమని అడిగే ఉద్దేశం ఉంటేనే ఆ దారి పట్టండి.

వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటల లోపు, సాయంత్రం 7 దాటాక ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులోనే చెప్పింది. కిస్తీ తప్పినందుకు వేసే జరిమానాను అసలులో కలిపి దాని మీద వడ్డీ లాగకూడదన్న నిబంధన 2024 నుంచి అమల్లో ఉంది. ఈ నిబంధనలు మీరితే ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేయండి; దానికి బ్యాంకు 30 రోజులైనా జవాబివ్వకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. సమాచారానికి 14448 నంబరు ఉంది. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, ఉత్తరం తెలుగులో రాసినా తీసుకుంటారు. కిస్తీ వాయిదా వేయనని బ్యాంకు అంటే మాత్రం అంబుడ్స్‌మన్ బలవంతపెట్టలేరు, అది బ్యాంకు ఇష్టానికే వదిలేశారు.